గోయా పోయాక తీసిన ప్రింట్ కింద "గోయా, 1799" అని రాయొచ్చా?

ముద్రశాల:
స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1799 ఫిబ్రవరిలో 'లోస్ కాప్రిచోస్' పేరుతో 80 ప్రింట్ల వ్యంగ్య సంపుటి అమ్మకానికి పెట్టాడు. పెళ్లి బేరాలు, సన్యాసుల తిండిపోతుతనం, రోగి నాడి పట్టుకున్న గాడిద వైద్యుడు, మంత్రగత్తెలు... ఆనాటి మాడ్రిడ్‌లో ఎవరినీ వదల్లేదు. సుమారు 300 సంపుటాలు అచ్చయ్యాయి. 1803లో బొమ్మలు చెక్కిన రాగి ప్లేట్లనూ, అమ్ముడుపోని 240 సంపుటాలనూ రాజుకు అప్పగించి, బదులుగా కొడుకు హవియర్‌కు పింఛను ఇప్పించుకున్నాడు. గోయా 1828లో చనిపోయాడు. ప్లేట్లు మాత్రం రాజముద్రణాలయంలో, అంటే కాల్కోగ్రఫియాలో ఉండిపోయాయి. వాటి మీదే 1855 ప్రాంతం నుంచి 1937 దాకా మళ్లీ మళ్లీ అచ్చు తీశారు. మొదటిదానితో కలిపి 12 ఎడిషన్లు.

మ్యూజియంలో ఈ తర్వాతి ప్రింటు గోడకెక్కినప్పుడు కింద చీటీ మీద "గోయా, 1799" అని ఊరుకుంటే తప్పని నా వాదన. చూసేవాళ్లకు కనబడుతున్నది 1799 నాటి కాగితమూ కాదు, సిరా కాదు, ప్లేటు మీది సిరా తుడిచిన చెయ్యీ అప్పటిది కాదు.

సన్నగీత:
ఒప్పుకోను. ప్రింటు విషయంలో కళాకారుడి పని ప్లేటు మీద ముగుస్తుంది. అచ్చు తీయడం ఎప్పుడూ ముద్రాపకుల పనే. పైగా ఇది వ్యంగ్యం, పది మందికీ చేరడానికే పుట్టింది. ఇంగ్లండ్ వ్యంగ్య చిత్రకారుడు హోగార్త్ తన 'జిన్ లేన్' ప్రింటును 1751లో ఒక షిల్లింగుకు అమ్మాడు. ఫ్రాన్స్ వ్యంగ్య చిత్రకారుడు దోమియే లిథోగ్రాఫులు (రాతి మీద గీసి తీసిన అచ్చులు) పత్రికల్లో, వెనక వార్తలతో సహా అచ్చయ్యేవి. అలాంటి కళకు "మొదటి ప్రతి మాత్రమే అసలు" అనే నియమం పెట్టడమంటే పెయింటింగు బజారు అలవాటును ప్రింట్ల నెత్తిన రుద్దడమే.

రోజిన్‌పొడి:
సన్నగీత గారూ, కాప్రిచోస్ ధర 320 రియళ్లు, అంటే ఒక ఔన్సు బంగారు నాణెం. అమ్మింది డెసెంగాన్యో వీధిలో అత్తర్లు, మద్యం అమ్మే కొట్లో. అది పది మందీ కొనుక్కునే సరుకు కాదు. హోగార్త్‌కు పెట్టిన కొలత గోయాకు సరిపోదు.

అసలు సంగతి ప్లేటు లోపల ఉంది. హోగార్త్ గీత చాలావరకు బ్యూరిన్ అనే ఉలితో చెక్కిన గీత. లోతుగా, అంచులు పదునుగా ఉంటుంది, వేల ప్రింట్లు తట్టుకుంటుంది. గోయా నీడలు చాలావరకు ఆక్వాటింట్. రాగి ప్లేటును జిడ్డు లేకుండా తుడిచి, దాని మీద రోజిన్ అనే చెట్టు బంక పొడిని సన్నగా రాలనిస్తారు. కింది నుంచి వేడి తగిలితే ఒక్కో రేణువూ కరిగి ప్లేటుకు అతుక్కుంటుంది. తర్వాత తెల్లగా ఉండాల్సిన చోట వార్నిష్ పూసి ఆమ్లంలో ముంచుతారు. ఆమ్లం రేణువుల మధ్య ఖాళీలను మాత్రమే తింటుంది. తీసి, లేత నీడ కావలసిన చోట వార్నిష్ పూసి మళ్లీ ముంచుతారు. ఎక్కువసేపు నానిన చోటు నల్లన, తక్కువ నానిన చోటు బూడిద రంగు. ఆపైన గోయా బర్నిషర్ అనే నున్నటి పనిముట్టుతో రుద్ది కొన్నిచోట్ల వెలుగు తీశాడు.

ఈ గుంటలు గీత కన్నా చాలా లోతు తక్కువ. ప్రతి ప్రింటుకూ ప్లేటంతా సిరా అద్ది, టార్లటన్ బట్టతో తుడిచి, తడి కాగితం వేసి, పైన ఫెల్టు దుప్పట్లు కప్పి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కాలి. తుడుపు ఒకవైపు, ఒత్తిడి ఒకవైపు గుంటల చుట్టూ ఉన్న రాగి మిట్టలను చదును చేస్తాయి. గుంట లోతు తగ్గితే పట్టే సిరా తగ్గుతుంది. నలుపు ముందు బూడిదవుతుంది, లేత బూడిద కాగితంలో కలిసిపోతుంది. గీతలు మాత్రం మిగులుతాయి. అందుకే తర్వాతి ఎడిషన్లు దూరం నుంచి చూస్తే "బాగానే ఉన్నాయి" అనిపిస్తాయి.

32వ ప్లేటు చూడండి. చెరసాలలో తల వంచుకుని కూర్చున్న యువతి. "ఆమె మనసు మెత్తనిది కాబట్టి" అన్నది దాని శీర్షిక భావం. అందులో ఎచింగ్ గీత, అంటే సూదితో గీసి ఆమ్లంతో తినిపించిన గీత, ఒక్కటీ లేదు, మొత్తం ఆక్వాటింటే. ఆ చీకటి ఆమెను మింగుతున్నట్టుంటేనే ఆ వాక్యం గుచ్చుకుంటుంది. అరిగిన ప్లేటు నుంచి తీస్తే వెనకాల ఉన్నది చెరసాల చీకటి కాదు, మబ్బు పట్టిన సాయంత్రం. వ్యంగ్యమే మారిపోయింది కదా?

సన్నగీత:
ప్లేట్లకు తర్వాత స్టీల్ పూత వేశారు కదా. అరుగుదల అక్కడితో ఆగింది.

రోజిన్‌పొడి:
ఆగింది, నిజమే. కరెంటు పంపి రాగి మీద సన్నటి ఇనుప పొర ఎక్కిస్తారు. పొర అరిగితే తీసేసి మళ్లీ ఎక్కించవచ్చు, రాగికి దెబ్బ తగలదు. కానీ ఆ పద్ధతి వచ్చింది 19వ శతాబ్దం మధ్యలో. అప్పటికే అరిగిన చోట పూత పూస్తే అది అరుగుదలనే భద్రంగా కాపాడుతుంది, పోయిన గుంటలను తిరిగి తవ్వదు.

మొదటి ఎడిషన్‌లోనే తేడాలున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. 45వ ప్లేటు మీద ఒక గీరు పడింది. 1799 సంపుటాలనే "గీరుకు ముందు", "గీరు తర్వాత" అని విడదీస్తారు. ముందువాటిలో ఆక్వాటింట్ చిక్కగా ఉంటుంది. అంటే "1799" అన్న అంకె కూడా అంతా చెప్పదు.

సన్నగీత:
సరే, కాప్రిచోస్‌కు ఒప్పుకుందాం. మరి గోయా ఇంకో ప్రింట్ల వరుస 'యుద్ధ విపత్తులు' మాటేమిటి? 1810 నుంచి 1820 దాకా గోయా 82 ప్లేట్లు చేశాడు. ప్రాణాలతో ఉండగా ఒక్క ఎడిషన్ కూడా బయటకు రాలేదు. మాడ్రిడ్‌లోని సాన్ ఫెర్నాండో కళల అకాడమీ 1863లో 80 ప్లేట్లతో మొదటిసారి అచ్చేసింది. మీ నియమం ప్రకారం ఈ సిరీస్ గోయాది కాకుండా పోవాలి.

తుడుపుగుడ్డ:
ఇక్కడే విషయం ఇంకా చిక్కబడుతుంది. గోయా బతికుండగా తీసిన ప్రూఫులు, అంటే ఎడిషన్‌కు ముందు పరీక్షగా తీసిన ప్రింట్లు, ఉన్నాయి. తన స్నేహితుడు సెయాన్ బెర్ముదేస్‌కు పెన్సిల్‌తో శీర్షికలు రాసి ఇచ్చిన సంపుటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ప్రూఫుల పక్కన 1863 ఎడిషన్ పెడితే, అదే ప్లేటు అయినా వేరే బొమ్మలా ఉంటుంది.

తేడా అంతా తుడుపులో. గోయా ప్రూఫుల్లో ప్లేటును శుభ్రంగా తుడిచారు. కాగితం తెల్లగా మెరుస్తుంది, మనుషులు ఎండలో నిలబడ్డట్టు కనబడతారు. 1863 ముద్రాపకులు అప్పటి అభిరుచి ప్రకారం ప్లేటు మీద సన్నటి సిరా పొరను వదిలేశారు. దాన్నే ప్లేట్ టోన్ అంటాం. దాంతో మొత్తం దృశ్యానికి సంజె చీకటి కమ్మింది. చాలామంది "గోయా చీకటి" అని మెచ్చుకునేది కొంత ఆ ముద్రాపకుడి గుడ్డ వదిలిపెట్టిన సిరా. ప్రూఫ్ చూసినవాళ్లకు ఆ యుద్ధం పట్టపగలు జరుగుతుంది. నా దృష్టిలో అదే ఎక్కువ భయం కలిగిస్తుంది.

కాబట్టి "గోయాది కాదు" అనను. "గోయా ప్లేటు, అకాడమీ తుడుపు" అంటాను. ఆ రెండు మాటలూ చీటీ మీద ఉండాలి.

ముద్రశాల:
హోగార్త్ కూడా అంత సురక్షితం కాదు. ఆయన 1764లో పోయాక భార్య జేన్ ప్రింట్లు అమ్మింది. తర్వాత ప్లేట్లు చేతులు మారాయి. 1822 ఎడిషన్ కోసం జేమ్స్ హీత్ అరిగిన గీతలను మళ్లీ చెక్కాడు. అక్కడ మారింది తుడుపు ఒక్కటే కాదు, గీతే వేరొకరిది. హోగార్త్ జేబు కాపాడటానికి 1735లో చెక్కుడు చిత్రాల కాపీరైట్ చట్టం వచ్చింది. ఆ చట్టం నకలు కొట్టేవాళ్లను ఆపగలిగింది, సొంత ప్లేటునే తిరగ చెక్కడాన్ని ఆపలేదు.

ఇంకో ఇంగ్లండ్ వ్యంగ్య చిత్రకారుడు గిల్‌రే సంగతి ఇంకోలా ఉంటుంది. లండన్‌లో హానా హంఫ్రీ దుకాణంలో ప్రింట్లకు చేత్తో రంగులద్దేవాళ్లు వేరే ఉండేవారు. 1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం నుంచి వెనుదిరిగినప్పుడు గిల్‌రే వేసిన 'మాన్సూన్' బొమ్మకు ఒక ప్రతిలో ఒక రంగు, ఇంకో ప్రతిలో ఇంకో రంగు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ప్లేట్లతోనే 19వ శతాబ్దం మధ్యలో బోన్ అనే ప్రచురణకర్త రంగు లేకుండా, మందపాటి కాగితానికి రెండు వైపులా అచ్చు తీయించాడు.

కాగితంజాడ:
చీటీ రాసే ముందు ప్రింటును ఎలా చూడాలో కూడా చెప్పుకోవాలి. ఫ్రేములో ఉన్నంతసేపు ఏ తేదీ నమ్మడానికీ లేదు.

ముందు కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. తీగల అచ్చులో చేసిన లేడ్ కాగితమైతే దగ్గర దగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా సుమారు రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున చైన్ లైన్లు అనే గీతలు కనబడతాయి. కాప్రిచోస్ మొదటి ఎడిషన్ ఇలాంటి కాగితం మీదే, గోధుమవర్ణపు సిరాతో ఉంటుంది. ఆ తర్వాత దీపాన్ని పక్కకు వాల్చి ప్లేటు అంచు నొక్కు చూడాలి. కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే కంగారు పడొద్దు. తడి కాగితం ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, అదీ ఒక దిశలో ఎక్కువ.

చివరగా 10 రెట్ల భూతద్దం. ఆక్వాటింట్‌లో నల్లని వల, మధ్యలో చిన్న చిన్న తెల్ల దీవులు, ఏ రెండూ ఒకలా ఉండవు. వరుస కట్టిన చుక్కలుంటే అది ఫోటో పద్ధతి అచ్చు. ఫోటోను రాగి ప్లేటు మీదికెక్కించి తీసే ఫోటోగ్రావ్యూర్ దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. దానికీ ప్లేటు నొక్కు ఉంటుంది, రేణువులూ ఉంటాయి. కానీ అందులో గీత కూడా రేణువులుగా విరిగి ఉంటుంది. నిజమైన ఎచింగ్ గీత నిండుగా, కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటుంది.

కాప్రిచోస్ 43వ ప్లేటు, అదే "హేతువు నిద్రపోతే" బొమ్మ, పరీక్షకు బాగా పనికొస్తుంది. మేజా పక్కభాగం మీద తెల్లగా వదిలిన అక్షరాలకూ వాటి చుట్టూ ఉన్న బూడిద రంగుకూ మధ్య తేడా చూడండి. తొలి ప్రింటులో అక్షరం తేలి కనబడుతుంది. అరిగినదాంట్లో వెనక రంగు పాలిపోయి అక్షరం దాంట్లో కలుస్తుంది.

అయినా తర్వాతి ప్రింట్లకు నా గౌరవం తక్కువేం కాదు. కాగితాన్ని 50 లక్స్ (వెలుతురు కొలత) మించని వెలుతురులో, మూడు నెలల ప్రాంతంలో ప్రదర్శించి తిరిగి పెట్టెలో పెట్టడం మామూలు పద్ధతి. నల్ల సిరా చెక్కుచెదరదు, కానీ కాగితం పసుపెక్కుతుంది. గిల్‌రే ప్రింట్ల రంగులైతే ఇంకా తొందరగా పోతాయి. 1799 సంపుటిని అలా దాచుకుని, మిగతా కాలం తర్వాతి ఎడిషన్ వేలాడదీస్తే జనానికి గోయా కనబడతాడు, అసలు సంపుటీ బతుకుతుంది.

సన్నగీత:
ఆ మాటకు సంతోషం. నేను మొదట్నుంచీ భయపడింది "తర్వాతిది" అన్న మాటను "తక్కువది" అని చదువుతారనే. ఇంగ్లండ్ కళాకారులు చాప్‌మన్ సోదరులు 2003లో 'యుద్ధ విపత్తులు' 1937 ఎడిషన్ సంపుటి ఒకటి కొని, 80 ప్రింట్ల మీదా విదూషకుల, కుక్కపిల్లల తలలు గీశారు. "అది తర్వాతి అచ్చే కదా" అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు. 1937 అంటే స్పెయిన్ అంతర్యుద్ధంలో మునిగి ఉన్న ఏడాది. ఆ ఏడాదే ఆ ప్లేట్లు మళ్లీ ప్రెస్ కిందికి వెళ్లాయి. ఆ కాగితానికి తనదైన చరిత్ర ఉంది. దాన్ని "గోయా, 1810-20" అని మాత్రమే రాస్తే ఆ చరిత్రను మనమే చెరిపేసినట్టు. కాబట్టి రెండు తేదీలూ వేయడానికి నేను ఒప్పుకుంటున్నాను, కానీ మీరు చెప్పిన కారణానికి కాదు.

ముద్రశాల:
అలాగైతే చీటీ ఇలా ఉండాలని ప్రతిపాదిస్తున్నాను:

"ఫ్రాన్సిస్కో గోయా (1746-1828). కాప్రిచోస్, 32వ ప్లేటు. ఆక్వాటింట్. ప్లేటు చేసింది: 1799కి ముందు. ఈ ప్రింటు తీసింది: కాల్కోగ్రఫియా, మాడ్రిడ్, 1937. ప్లేటు అరగడం వల్ల వెనక చీకటి తొలి ప్రింట్ల కన్నా లేతగా ఉంది."

తుడుపుగుడ్డ:
చివరి వాక్యం అక్షరాలు మిగతావాటంత పెద్దవిగానే ఉండాలి. కిందెక్కడో చిన్నగా వేస్తే ఎవరూ చదవరు. వీలైతే పక్కనే తొలి ప్రింటు ఫోటోను అసలు కొలతలో పెట్టండి, సుమారు 21 సెంటీమీటర్ల ఎత్తే కాబట్టి గోడ మీద పెద్దగా చోటు పట్టదు.