ఆవు లివర్ నుంచి డీఎన్‌ఏ రావడం లేదు, కిట్ పాడైందా?

తిరుపతి పరిశోధక విద్యార్థిని: పొద్దున్నుంచి ఇదే పని. పలమనేరు వైపు చనిపోయిన పుంగనూరు ఆవు లివర్ ముక్క నుంచి మూడుసార్లు డీఎన్‌ఏ తీశాను. డీఎన్‌ఏని సైజు ప్రకారం విడదీసి చూసే జెల్‌లో బ్యాండ్ (గీత) లేదు, కిందికి పొగలా సాగిన మరక ఒక్కటే. 650 బేస్ పెయిర్ల (డీఎన్‌ఏ అక్షరాల జతలు) ముక్కను కాపీలు చేసే పీసీఆర్ కూడా ఫెయిల్. కిట్ కొత్తదే. రేపు గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ అన్న: చనిపోయిన ఎంతసేపటికి తీశారు? దేంట్లో పెట్టారు?

చిత్తూరు రైతుబిడ్డ: పుంగనూరు అని ఎలా అంటున్నారమ్మా? పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరు అనేస్తున్నారు. ఈ జాతిని కాపాడుతున్న పశు పరిశోధన కేంద్రం పలమనేరులోనే ఉంది, అక్కడ కనుక్కోండి. మీ 650 బేస్ పెయిర్ల ముక్క మైటోకాండ్రియా బార్‌కోడే (ఏ జంతువో గుర్తుపట్టే డీఎన్‌ఏ ముక్క) అయితే ఆవా, గేదెనా అన్నదే తేలుతుంది. జాతి తేలదు.

విద్యార్థిని: జాతి సంగతి తర్వాత సార్. మధ్యాహ్నం చనిపోతే మర్నాడు పొద్దున తీశారు. ఫార్మలిన్‌లోనే ఉంది, అందరూ అందులోనే పెడతారు కదా.

ల్యాబ్ అన్న: ఆలస్యం, ఫార్మలిన్, రెండూ కారణమే. కిట్‌ని వదిలేయండి.

మదనపల్లె టీచర్: ఎండాకాలంలో రాత్రంతా ఉంటే డీఎన్‌ఏ కుళ్లిపోతుంది కదా.

ల్యాబ్ అన్న: కుళ్లేది కణజాలం. డీఎన్‌ఏ తెగుతుంది. ప్రాణం పోగానే కణాల్లోని ఎంజైములే దాన్ని కోస్తాయి. లివర్‌లో అవి ఎక్కువ, వేడికి ఇంకా జోరు.

మదనపల్లె టీచర్: పిల్లలకు రెండూ ఒకటేనండి.

ల్యాబ్ అన్న: ఒకటి కాదు. 1984లో 140 ఏళ్ల నాటి క్వాగ్గా (అంతరించిపోయిన జీబ్రా రకం) చర్మానికి అంటుకున్న ఎండు కండ నుంచి 229 బేస్ పెయిర్లు చదివారు. ఎండింది కాబట్టి చిన్న ముక్కలైనా మిగిలాయి. ఫార్మలిన్ అలా కాదు, డీఎన్‌ఏని ప్రొటీన్లతో ముడివేస్తుంది, ముక్కలూ చేస్తుంది. అమ్మాయీ, ముక్కను బాగా కడిగి, ప్రొటీన్లను కోసే ఎంజైమ్ ప్రొటీనేజ్ కె వేసి రాత్రంతా ఉంచి, తర్వాత 90 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేయండి. పీసీఆర్‌కి 100, 150 బేస్ పెయిర్ల చిన్న ముక్కల్నే కాపీ చేసే ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే డీఎన్‌ఏ తునకలు) వాడండి. ఈసారి తొడ కండ తీసుకోండి, చిన్న ముక్కలు కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి.

విద్యార్థిని: తొడ కండ ఒక ముక్క ఫ్రీజర్‌లో ఉందట, ఇప్పుడే చెప్పారు! వెళ్తున్నా. థాంక్సండి.

చిత్తూరు రైతుబిడ్డ: ఆవు ఎత్తు ఎంతో రాయలేదమ్మా.