కాలువ పక్క గోడపై సైకిల్ బొమ్మలు: తేమకు నిలిచే పద్ధతి ఏది?

కాకినాడలో కాలువను ఆనుకుని ఉన్న మా పేట ప్రహరీగోడపై, సైకిల్ మీదే జీవనం సాగించే మన ఊరివారి బొమ్మలను ఇరుగుపొరుగువారమంతా కలిసి వేయాలని నిశ్చయించుకున్నాము. క్యారేజీకి కొబ్బరి గెలలు కట్టుకుని వచ్చే వ్యాపారి, ఇరువైపులా పాలక్యాన్లు వేలాడదీసుకున్న పెద్దాయన, బడికి జంటగా వెళ్లే ఆడపిల్లలు నిలువెత్తున కనిపించాలన్నది మా కోరిక. ఎత్తుపల్లాలు లేని ఈ డెల్టా నేలపై సైకిల్‌కు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదని నా గట్టి అభిప్రాయం. గోడ యజమాని అనుమతి ఇచ్చారు.

ఇబ్బంది తేమతోనే. పునాది నుంచి అది పైకి పాకి, నడుము ఎత్తు వరకు తెల్లని ఉప్పు పొడి రాలుతోంది. దానిపై అక్రిలిక్ ఎమల్షన్ వేస్తే లోపలి నీరు బయటకు పోలేక రంగు పొరలుగా ఊడిపోతుందని ఒక మేస్త్రీ, సున్నం మీద ముదురు రంగులు నిలవవని మరొకరు అంటున్నారు. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే వేసవిలో గోడ కొంత ఆరుతుంది కాబట్టి, జూన్ 3న వచ్చే ప్రపంచ సైకిల్ దినోత్సవానికి ముందే పని ముగించాలని ఉంది.

ఇటువంటి గోడలపై పనిచేసిన చిత్రకారులు, ఉప్పును నీటితో కడగాలో పొడి బ్రష్‌తో దులపాలో, కింది భాగాన్ని సున్నంతోనే వదిలి బొమ్మలను పైకి జరపడం మేలో కాదో దయచేసి చెప్పగలరా? కొత్తగా సిమెంటు పూత పూయిస్తే, రంగుకు ముందు ఎన్ని రోజులు ఆరనివ్వాలి?