ఛార్జ్, ఛార్జీ, ఛార్జింగ్

పెరంబూర్ నుంచి: చెన్నైలో అనువాదాలు చేసే మిత్రులకు ఒక ప్రశ్న. ఇంగ్లీషు 'ఛార్జ్' ఒకే పత్రంలో కేసు గురించి, కరెంటు బిల్లు గురించి, బ్యాటరీ గురించి వచ్చింది. అన్నిచోట్లా ఒకే తెలుగు మాట వాడొచ్చా?

టి. నగర్ నుంచి: కుదరదండీ. పుట్టుక మాత్రం ఒకటే. లాటిన్‌లో 'కర్రుస్' అంటే బండి, దానికి సరుకెక్కించడం 'కర్రికారే'. అదే ఫ్రెంచి మీదుగా ఛార్జ్ అయింది. కార్గో కూడా ఆ ఇంటిదే. బరువు మోపడం అన్న భావం పట్టుకోండి, అర్థాలు దారికొస్తాయి: నేరం మోపితే అభియోగం, డబ్బు మోపితే రుసుము, పని మోపితే బాధ్యత.

పైగా మన వాడుక చివరి అక్షరాలతోనే వీటిని విడదీసుకుంది. డబ్బైతే ఛార్జీ. పదవైతే 'ఛార్జ్ తీసుకున్నారు'. ఫోనులో 'ఛార్జింగ్ అయిపోయింది' అంటాం. ఇంగ్లీషులో అది నింపే పని పేరు, మనకు నిండి ఉన్నదాని పేరు కూడా. ఈ తేడాలను చెరిపేయకండి.

అంబత్తూర్ నుంచి: కోర్టు కాగితాల దగ్గర మరీ జాగ్రత్త. ఛార్జ్‌షీట్ వేసేది పోలీసులు, ఛార్జ్ ఫ్రేమ్ చేసేది జడ్జి. రెండింటికీ 'అభియోగాల నమోదు' అని రాస్తే, కోర్టు ఇంకా ఏమీ తేల్చని కేసు ఒక మెట్టు పైకెక్కినట్టు కనిపిస్తుంది. మొదటిది 'అభియోగపత్రం దాఖలు', రెండోది 'అభియోగాల ఖరారు'. 'నిర్ధారణ' అసలే వద్దు, నేరం రుజువైందనుకుంటారు. 'డిశ్చార్జ్' అంటే అభియోగాలు ఖరారు కాకముందే కేసు నుంచి తప్పించడం. దాన్ని 'నిర్దోషిగా విడుదల' అనకూడదు, అది విచారణ ముగిశాక వచ్చే తీర్పు.

పెరంబూర్ నుంచి: బ్యాటరీకి 'విద్యుదావేశం' పెట్టనా?

టి. నగర్ నుంచి: భౌతికశాస్త్ర పాఠమైతే పెట్టండి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ అందించే ఆవేశం 18,000 కూలుంబ్‌లు, అక్కడ ఆ మాటే కావాలి. ఫోను వాడే విధానం చెప్పే కాగితంలో ఛార్జింగ్ చాలు. తమిళులు 'మిన్నూట్టం' అంటారు, మిన్ అంటే విద్యుత్తు, ఊట్టం అంటే పోషణ. ఎంత చక్కగా కుదిరిందో! మన 'ఆవేశం' వింటే ముందు కోపమే గుర్తొస్తుంది.

అంబత్తూర్ నుంచి: బిల్లులో 'ఫిక్స్‌డ్ ఛార్జ్' యూనిట్లు కాల్చకపోయినా పడేది, 'స్థిర ఛార్జీ' అనండి. 'ఎనర్జీ ఛార్జ్'ను 'శక్తి రుసుము' అంటే ఎవరికీ అర్థం కాదు, 'వాడిన యూనిట్ల ఛార్జీ' అని రాయండి. లాఠీఛార్జి వస్తే అలాగే ఉంచండి. 'లాఠీ దాడి' అంటే కొట్టింది పోలీసులో, ఇంకెవరో తెలియదు.