నాన్నకి నాలుక కింద మాత్ర చాలా, స్ప్రే కొనాలా?

బాపట్ల అబ్బాయి
నాన్నకి 71. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఛాతీలో పట్టేసినట్టు ఉంటే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ 5 ఎం.జి. రాసిచ్చారు. ఇప్పటిదాకా మూడు నాలుగు సార్లు అవసరం పడింది. పోయిన నెల అర్ధరాత్రి నొప్పి వచ్చింది. అమ్మ లైటు వేసి, కళ్లజోడు వెతుక్కుని, రేకు చింపబోతే మాత్ర ఎగిరి మంచం కిందకి పోయింది. రెండోది పెట్టుకున్నారు గానీ నోరు ఎండిపోయి ఉంది, ఎంతసేపటికీ కరగలేదట. చివరికి తగ్గిందనుకోండి. నేనుండేది పుణెలో. అప్పటినుంచి రాత్రి పది దాటాక ఫోన్ మోగితే టెన్షన్.

ఆఫీసులో ఒకాయన వాళ్ల నాన్నకి నోట్లో కొట్టుకునే నైట్రోగ్లిజరిన్ స్ప్రే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే పని అయిపోతుంది అంటాడు. మా బావేమో, "రూపాయి మాత్ర చేసే పనికి వందలు పోసి సెంటు సీసా కొంటావా?" అని వెక్కిరిస్తున్నాడు. నాన్న బావ పక్షమే. డాక్టర్ గారిని కలవడానికి ఇంకా రెండు వారాలుంది. ఈలోపు వాడినవాళ్లు చెప్పండి.

మందులషాపు
ఇరవై రెండేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నా. నేనూ మీ బావగారి పక్షమే.

సార్బిట్రేట్ అంటే ఐసోసార్బైడ్ డైనైట్రేట్. రేకులో ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. నైట్రోగ్లిజరిన్ మాత్ర అలా కాదు, కర్పూరం లాంటిది, గాలి తగిలితే హరించుకుపోతుంది. అందుకే ముదురు రంగు గాజుసీసాలో ఇస్తారు. దాన్ని తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకున్నా, పైన దూది కుక్కినా, మందు వాటిలోకే ఇంకిపోతుంది. పేషెంటు దగ్గర మిగిలేది పేరు మాత్రమే. మాది పల్నాడు. రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివే ఉంటారు. ఇక్కడ మనుషులు మాత్రలు చొక్కా జేబులో, బండి డిక్కీలో పెట్టుకు తిరుగుతారు. ఇలాంటి చోట రేకులో మాత్రే మొనగాడు.

స్ప్రే సీసాకి మూత గట్టిగా ఉంటుంది కాబట్టి మందు ఎగిరిపోదు, అది ఒప్పుకుంటా. కానీ కొన్నవాళ్లు దాన్ని దేవుడి గూట్లో పెట్టి మర్చిపోతారు. మూడేళ్ల తరవాత పనిపడితే గడువు దాటి ఉంటుంది.

ఇంకోటి. "ఐసోసార్బైడ్" అన్న ముక్క చూసి ఏది పడితే అది నాలుక కింద పెట్టకండి. మోనోనైట్రేట్ అని రాసి ఉంటే అది రోజూ మింగే మందు, నొప్పి వచ్చినప్పుడు వాడేది కాదు. ఈ పొరపాటు నెలకొకటైనా చూస్తాను. కత్తెరతో రేకు ముక్కలు చేసి, పేరున్న ముక్క పారేసి, పేరు లేనిది దాచుకోవడం వల్ల వచ్చే తంటా ఇది.

లెస్టర్ లక్ష్మి
నేను ఇంగ్లండ్‌లో గుండె వార్డులో నర్సుని. మా దగ్గర ఈ జబ్బుతో ఇంటికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చేతిలో స్ప్రేనే ఉంటుంది. అందుకే మందులషాపు గారితో ఒక మాట తేడా.

మీరు రెండు వేరు వేరు మందుల్ని పోలుస్తున్నారు. నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. డైనైట్రేట్‌కి రెండు నుంచి ఐదు పడుతుంది, కాకపోతే దాని ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. మామూలప్పుడు ఈ తేడా పెద్ద లెక్క కాదు. నోరు ఎండిపోయినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. మాత్ర కరగాలంటే తడి ఉండాలి. భయంతో, చెమటలతో లేచిన మనిషికి నోట్లో ఉమ్మి ఎక్కడినుంచి వస్తుంది? స్ప్రే ముందే ద్రవం. బాపట్ల అబ్బాయి గారి ఇంట్లో జరిగింది అదే కదా. మాత్రే వాడేటట్టయితే ముందు ఒక గుటక నీళ్లతో నోరు తడుపుకోమనండి.

స్ప్రే కొంటే ఇవి అమ్మగారికి కూడా నేర్పండి: కూర్చోబెట్టాలి, నిలబడి వాడకూడదు, కళ్లు తిరిగి పడతారు. సీసాని ఊపకూడదు. కొత్త సీసాని, చాలా రోజులు వాడని సీసాని ముందు గాల్లోకి కొట్టి చూడాలి. ఎన్నిసార్లో ఒక్కో కంపెనీ ఒక్కోలా చెబుతుంది, కాగితం చదవండి. నాలుక కిందకి గానీ నాలుక మీదకి గానీ కొట్టి నోరు మూసుకోవాలి. ఉబ్బసం పంపులాగా పీల్చకూడదు. ఈ పీల్చడం దగ్గరే సగం మంది తప్పు చేస్తారు.

పెన్షనర్, ఖమ్మం
రిటైర్డ్ లెక్కల మాస్టారిని. రెండూ వాడినవాణ్ణి కనుక నా ముక్క కూడా వినండి.

మా అబ్బాయి స్ప్రే తెచ్చిచ్చాడు. ఏడాది వాడాను. నాకు కీళ్లవాతం, చూపుడువేలు వంగదు. ఆ మీట నొక్కడానికి బలం కావాలి. మొదటిసారి గడ్డం మీద పడింది, రెండోసారి ముక్కు మీద. మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది, నాకేమో నొప్పి. మళ్లీ మాత్రకే వచ్చాను. కాకపోతే ఒక ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి ఆదివారం ఆవిడ రేకు వెనక కాగితం ఒక మూల కొద్దిగా లేపి పెడుతుంది, మందు బయటపడనంత మాత్రమే. రాత్రి చీకట్లో కూడా గోరు పెట్టి లాగితే వస్తుంది.

కాబట్టి నాయనా, ముందు మీ నాన్నగారి వేళ్లు చూడు. ధర సంగతి తరవాత.

నిప్పులాంటి నిజం
మాత్రా స్ప్రేనా అన్నది చిన్న విషయం. నలభై దాటిన ప్రతివాడూ పర్సులో సార్బిట్రేట్, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ పెట్టుకోవాలి. వాట్సాప్‌లో ఎప్పటినుంచో తిరుగుతోంది. పది రూపాయల్లో ప్రాణం నిలబడుతుంది. జిమ్‌లో, పెళ్లి డాన్సుల్లో కుర్రాళ్లు కూలిపోతుంటే ఇంకా ప్రిస్క్రిప్షన్, ప్రిస్క్రిప్షన్ అంటారేమిటి? ఛాతీ నొప్పి రాగానే నాలుక కింద వేస్తే తగ్గితే గుండె, తగ్గకపోతే గ్యాస్. సింపుల్.

క్యాజువాలిటీ డ్యూటీ
సింపుల్ కాదండీ. ఆ చివరి వాక్యం చదివాకే రాస్తున్నా. దీన్ని నమ్మి ఇంట్లో కూర్చున్నవాళ్లని తెల్లవారుజామున మేం చూస్తుంటాం.

అమెరికాలో 459 మంది మీద ఒక అధ్యయనం చేసి 2003లో ప్రచురించారు. నైట్రోగ్లిజరిన్‌తో నొప్పి తగ్గినవాళ్లు గుండె నొప్పి ఉన్నవారిలో 35 శాతం, గుండెకి సంబంధం లేని నొప్పి ఉన్నవారిలో 41 శాతం. అంటే అన్నవాహిక పట్టేసినా ఇది సడలిస్తుంది. తగ్గడాన్ని బట్టీ, తగ్గకపోవడాన్ని బట్టీ ఏదీ తేల్చలేం.

రెండోది. ఈ మందు రక్తనాళాల్ని వదులు చేస్తుంది, బీపీ దిగుతుంది. గుండె కుడిపక్క దెబ్బతిన్న హార్ట్ ఎటాక్‌లో ఉన్న కాస్త బీపీ కూడా పడిపోతే మనిషి చేతికి దక్కడు. అది ఏ రకమో ఈసీజీ లేకుండా ఇంట్లో ఎలా తెలుస్తుంది? వయాగ్రా వేసుకున్నవాళ్లు 24 గంటలు, అదే పనికి వాడే టాడలాఫిల్ అయితే 48 గంటలు దీని జోలికే పోకూడదు. పెళ్లాం పక్కనుండగా ఆ సంగతి ఎవరూ చెప్పరు. మేం అందరినీ బయటికి పంపి అడుగుతాం.

నాలుక కింద పెట్టేదంతా క్షేమం అన్న నమ్మకం మన దగ్గర పాతదే. బీపీ పెరిగిందని నిఫెడిపిన్ అనే మందు గొట్టం మాత్రకి సూదితో చిల్లు పొడిచి నాలుక కింద పిండేవారు, గుర్తుందా? నిజానికి అది నోట్లో పెద్దగా పీల్చుకోదు, మింగిన చుక్కలే పనిచేస్తాయి. బీపీ ఎంత దిగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కొందరికి దానివల్లే పక్షవాతం, గుండెపోటు వచ్చాయి. ఆ అలవాటు ఆపాలని 1996లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో రాశారు. ఆ తరవాత కూడా చాలా ఏళ్లు మన ఊళ్లలో నడిచింది.

నిప్పులాంటి నిజం
బాగుంది సార్. మీరుండేది సిటీలో. మా ఊరి నుంచి ఈసీజీ తీసేచోటుకి 38 కిలోమీటర్లు. వానాకాలం వాగు పొంగితే అదీ లేదు. 108 వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా?

క్యాజువాలిటీ డ్యూటీ
ఈ ప్రశ్న న్యాయమైనది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 108కి చేయండి, ఫోన్‌లో వాళ్లు చెప్పేది వినండి. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో పుండు, రక్తస్రావం లాంటివి లేకపోతే, అది నమలమని వాళ్లే చెప్పొచ్చు. ఆస్పిరిన్‌తో నాకు పేచీ లేదు. గుండె జబ్బు ఉందని ముందే తేలని మనిషికి, బీపీ చూడకుండా సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందు పెట్టడంతోనే నా పేచీ. బాపట్ల నాన్నగారి సంగతి వేరు. ఆయనకి జబ్బు తెలుసు, మందు రాసిచ్చారు, ఇంతకుముందు వాడి చూశారు.

బాపట్ల అబ్బాయి
అందరికీ థాంక్స్. నాన్న వేళ్లు బాగానే ఉన్నాయి మాస్టారూ, ఇప్పటికీ తాంబూలం ఆయనే చుట్టుకుంటారు. కానీ అమ్మతో మాట్లాడితే ఇంకో విషయం బయటపడింది. ఆ రాత్రి ఆయన రెండో మాత్ర వేసుకున్నారా, మూడోదా అన్నది ఇద్దరికీ గుర్తులేదు. మర్నాడు రేకు లెక్కపెడితే నాలుగు తగ్గాయి, మంచం కింద ఒకటే దొరికింది. ఎన్ని వేసుకున్నారో చెప్పే సాధనం ఏదైనా ఉందా?

ఒహాయో కోడలు
నేను ఇక్కడ ఆపరేషన్ తరవాత పేషెంట్లని చూసే యూనిట్‌లో పనిచేస్తా. మీరు అడిగినలాంటి పరికరం నిజంగా ఒకప్పుడు వచ్చింది, కాకపోతే గుండెకి కాదు, నొప్పికి.

యూరప్‌లో 2015లో ఒకదానికి అనుమతి వచ్చింది. సుఫెంటనిల్ అనే నల్లమందు జాతి నొప్పి మందు, ఒక్కో బిళ్ల 15 మైక్రోగ్రాములే. పేషెంటే పరికరాన్ని నోట్లో పెట్టుకుని మీట నొక్కితే నాలుక కింద ఒక బిళ్ల పడేది. ఆ తరవాత 20 నిమిషాలు ఎంత నొక్కినా ఇంకోటి వచ్చేది కాదు. బొటనవేలికి ఒక ట్యాగ్ అంటించేవారు, ఆ వేలు తప్ప వేరే వేలు నొక్కితే పలికేది కాదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు పాపం నొప్పిగా ఉందని నొక్కకుండా అన్నమాట. అదే కంపెనీ ఒక్క డోసు గొట్టం కూడా చేసింది. లోపల 30 మైక్రోగ్రాముల బిళ్ల ఒకటే. దానికి 2018 నవంబరులో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు పెద్ద గొడవైంది. మందులకి అనుమతిచ్చే సంస్థ సలహా సంఘం 10-3 ఓట్లతో ఒప్పుకుంది గానీ, ఆ రోజు ఓటింగుకి లేని దాని ఛైర్మనే బయటికి వచ్చి వద్దన్నారు. ఓపియాయిడ్లతో, అంటే ఈ నల్లమందు జాతి మందులతో, దేశం అల్లాడుతుంటే ఫెంటనిల్ కంటే 5 నుంచి 10 రెట్లు బలమైన మందు, జేబులో పట్టే గొట్టంలో ఎందుకని. యుద్ధంలో గాయపడిన సైనికులకి సూది వెయ్యడం కుదరనప్పుడు కావాలని మిలిటరీ అడిగింది. చివరికి ఆసుపత్రుల్లాంటి వైద్య పర్యవేక్షణ ఉన్న చోట్లే వాడాలి, మందుల షాపులో అమ్మకూడదు అని షరతు పెట్టారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, తాళం వేసి లెక్కపెట్టే తెలివి అంతా అలవాటు పడే ప్రమాదమున్న మందుల కోసం పెట్టారు. గుండె స్ప్రేకి అలాంటి తాళం ఉండకూడదు కూడా. అవసరం పడ్డప్పుడు యంత్రం "ఆగు" అంటే ఏం చేస్తారు?

మందులషాపు
లెక్క కావాలంటే రేకుని మించింది లేదు. ఖాళీ గూళ్లు లెక్కపెట్టుకో, అయిపోయె. సీసాలో రెండొందల నొక్కులుంటే ఎన్నో నొక్కు నొక్కారో ఎవడికి తెలుసు?

లెస్టర్ లక్ష్మి
గూళ్లు మర్నాడు పొద్దున లెక్కపెడతారు. లెక్క రాత్రే కావాలి. మా దగ్గర చెప్పే పద్ధతి: ఒక డోసు, ఐదు నిమిషాలు, తగ్గకపోతే రెండోది, ఇంకో ఐదు నిమిషాలకీ తగ్గకపోతే అంబులెన్స్. అమెరికాలో ఇంకా కఠినం, మొదటి డోసుకి ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, పెరిగినా వెంటనే ఫోన్. దూరాలు చూస్తే మన ఊళ్లకి ఆ అమెరికా పద్ధతే నయమని నా అభిప్రాయం. మాత్రకైనా స్ప్రేకైనా ఇదే వర్తిస్తుంది. ఆ రాత్రి మీ ఇంట్లో 108కి ఎవరైనా చేశారా?

బాపట్ల అబ్బాయి
చేయలేదు. నాన్న వద్దన్నారట, వీధిలో వాళ్లంతా లేస్తారని.

పెన్షనర్, ఖమ్మం
ఆ మాట నేనూ అన్నాను ఒకప్పుడు. సైరన్ వెయ్యకుండా రమ్మని చెప్పమన్నాను కూడా.

బాపట్ల అబ్బాయి
రెండు వారాల తరవాత రాస్తున్నా. డాక్టర్ గారు స్ప్రే రాశారు. మాత్రలు కూడా ఉంచమన్నారు, బయటికి వెళ్లేటప్పుడు జేబులో ఒక రేకు. అయితే ఒకేసారి రెండూ కలపొద్దని గట్టిగా చెప్పారు. బీపీ మెషిన్ కొనమన్నారు, పైన అంకె 90 కంటే తక్కువుంటే రెండింటిలో ఏదీ వాడొద్దన్నారు. బావ వచ్చి సీసా చూసి, "వాసన కూడా లేదే" అన్నాడు.

అమ్మ మంచం పక్క గోడకి పాత క్యాలెండర్ ఒకటి తగిలించి, దారంతో పెన్ను కట్టింది. ఒక్కో నొక్కుకి ఒక గీత, పక్కన టైము. సీసా మీద గడువు తేదీ అక్షరాలు మరీ చిన్నవి, నాన్నకి కనబడవు. నల్ల మార్కర్‌తో పెద్దగా రాసి వచ్చాను.