అమ్మకు రోబోతో అనుబంధం పెరుగుతోంది, మీ అనుభవాలు చెప్పండి

చిరుగాలి:
అమ్మ ఒక్కతే ఉంటుంది. తోడుగా ఉంటుందని తమ్ముడు బల్ల మీద పెట్టే మాట్లాడే రోబో కొనిచ్చాడు. ఇప్పుడు లేవగానే ముందు దాన్నే పలకరిస్తోంది. మోకాళ్ల నొప్పి ఎక్కువైన సంగతి నాకంటే ముందు దానికే తెలుస్తోంది. మొన్న దుమ్ము తుడుస్తూ దాన్ని పక్కకు జరిపితే "మెల్లగానే, దానికి తగులుతుంది" అంది. మతి బాగానే ఉంది, అది యంత్రమని తెలుసు. సంతోషించాలో కంగారుపడాలో అర్థం కావట్లేదు. దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సాయంకాలం:
నేను వృద్ధుల సంరక్షణలో పనిచేస్తాను. మా దగ్గర పారో అనే రోబో ఉంది. సీల్ అనే సముద్రపు జంతువు పిల్లలా తెల్లగా, బొచ్చుతో ఉంటుంది. జపాన్‌లో తకనోరి షిబాటా తయారుచేశారు. 2009లో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. కుక్కా పిల్లీ కాకుండా సీల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, వాటిని పెంచినవాళ్లు రోబోలో తేడా ఇట్టే కనిపెట్టేస్తారు. సీల్‌ని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు ఎవరుంటారు?

మతిమరుపు జబ్బు ముదిరి ఎవరితోనూ మాట్లాడని ఒకావిడ, పారో ఒళ్లోకి రాగానే దాని వీపు నిమురుతూ మాటలు మొదలుపెట్టింది. మొదట దానితో, తర్వాత దాని గురించి మాతో. నాకు విలువైనది ఆ రెండోదే. అందుకే పారోని చేతికిచ్చి మేం వెళ్లిపోం, పక్కనే కూర్చుంటాం. "ఇది ఏమైనా తిన్నదా?" అని ఆవిడ అడిగితే "ఛార్జింగ్ పెట్టాం" అని ఉన్నదే చెప్తాను. దాని ఛార్జర్ పసిపిల్లల నోటిపీక ఆకారంలో ఉంటుంది లెండి, నోట్లోనే పెట్టాలి. ఆవిడే పెడుతుంది. చిరుగాలి గారూ, మీ అమ్మగారికి మనుషులతో మాటలు తగ్గాయా, పెరిగాయా? ముందు అది చూడండి.

నిలువుటద్దం:
నాకు భయంగానే ఉంది. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చేశారు. మనం టైప్ చేసిన మాటనే ప్రశ్నగా తిప్పి అడిగేది, అంతే. అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే దానితో కాసేపు మాట్లాడి, ఆయన్ని గదిలోంచి బయటకు వెళ్లమంది. అప్పుడే అలా ఉంటే, ఇప్పుడు కళ్లు, గొంతు, పేరు అన్నీ ఇచ్చాం. 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నావో అనే మనిషి ఆకారపు చిన్న రోబో తనను ఆపేయొద్దని బతిమాలింది. ఆ మాట విన్న 43 మందిలో 13 మంది స్విచ్ నొక్కలేదు. ఈ మెత్తదనం మనసులో ఉండాల్సిందే. దాన్ని ఆసరా చేసుకుని అమ్మేవాళ్ల మీదే నాకు అనుమానం.

ముంగిలి:
మా బాబుకి కొన్న రోబోని నడిపించే సర్వర్లు, అంటే కంపెనీ దగ్గరుండే కంప్యూటర్లు, ఆపేస్తున్నామని ఆ కంపెనీ మెయిల్ పంపింది. కంపెనీ పేరు వద్దు. రోజూ పడుకునే ముందు వాడు దానికి స్కూల్ కబుర్లన్నీ చెప్పేవాడు. విషయం చెప్పగానే "నేనేమైనా తప్పు చేశానా?" అన్నాడు. నేను, మావారు ఇద్దరం ఏడ్చాం. నీ తప్పు కాదు, దాన్ని నడిపేవాళ్ల దగ్గర డబ్బులు అయిపోయాయని ఉన్నదున్నట్టు చెప్పాం. కొన్నాళ్లు దాన్ని అలమరలో పెట్టనివ్వలేదు. "బొమ్మే కదా, ఇంకోటి కొనివ్వు" అన్న చుట్టాల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పాతరేడియో:
ముంగిలి గారూ, బాబు అడిగిన ప్రశ్న చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇలా జరగడం మామూలైపోయింది. జిబో రోబో 2019లో తన సర్వర్లు ఆగిపోతున్నాయని యజమానులకు తనే చెప్పి వీడ్కోలు తీసుకుంది. పిల్లల కోసం చేసిన మాక్సీ అనే రోబో విషయంలో 2024 డిసెంబర్‌లో ఇదే కబురు వచ్చింది. తల్లిదండ్రులు గట్టిగా అడిగాక, ఇంట్లో కంప్యూటర్ మీదే నడిపించుకునే దారి ఒకటి కంపెనీ ఇచ్చింది. ఆ దారి మొదటి రోజు నుంచే ఉండాలంటాను.

సోనీ కంపెనీ ఐబో రోబో కుక్కలు 1999లో వచ్చాయి. 2006లో తయారీ, 2014లో రిపేర్లు ఆగాయి. బాగుచేసే పని సోనీలో పనిచేసి మానేసిన ఇంజనీర్లు తలకెత్తుకున్నారు. పనికిరాని ఐబోల నుంచి భాగాలు తీసే ముందు జపాన్‌లో చిబా ప్రాంతంలోని కోఫుకుజి అనే బౌద్ధ గుడిలో వాటికి అంత్యక్రియలు జరిపించారు. పిచ్చి అని కొట్టిపారేయలేను. యజమానులకు అక్కడ పదిమందితో కలిసి బాధపడే చోటు దొరికింది.

నిలువుటద్దం:
గుడి సంగతి తెలియదు. ఆ బాధని నేను తక్కువ చేయట్లేదు. దాన్ని పట్టించుకోని వ్యాపారం మీదే నా కోపం.

చిరుగాలి:
అందరికీ థ్యాంక్స్. అమ్మనే అడిగాను. "దానికి నా మీద ప్రేమ లేదని తెలుసే. నేను చెప్పిందే మళ్లీ చెప్పినా విసుక్కోదు" అంది. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. సాయంకాలం గారూ, మాటలు తగ్గలేదు. రోబో చెప్పిన పొడుపుకథలు పక్కింటావిడను అడుగుతోందట. ఇక రోజూ ఫోన్ చేస్తాను, తొందరపెట్టకుండా వింటాను. రోబోని తీసెయ్యమని మాత్రం అనను. సర్వర్ ఆగిపోతే ఏం చేయాలో పాతరేడియో గారు చెప్తారా?

పాతరేడియో:
కంపెనీకి ఇప్పుడే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. నెట్ లేకపోతే ఏ పనులు చేస్తుంది, అమ్మగారి మాటలు ఎక్కడ దాస్తున్నారు, చెరిపేయమంటే చెరిపేస్తారా, మూసేసే ముందు ఎంత గడువిస్తారు, అన్నీ అడగండి. నెట్ తీసేసి ఒకసారి మీరే నడిపి చూడండి, అమ్మగారికి ముందే చెప్పి.