అలాస్కాలో సాల్మన్ వేటకు ఎప్పుడు, ఎవరు అనుమతిస్తారు? అక్కడి నిబంధనలు తెలిసినవారు వివరించగలరు

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం దగ్గరి ఊరు. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. గత నెలలో జూబ్లీహిల్స్‌లోని ఒక సూపర్‌మార్కెట్‌లో గడ్డకట్టించిన సాల్మన్ చేప ప్యాకెట్ ఒకటి కొన్నాను. ఇక్కడ ఎక్కువగా దొరికేది నార్వేలో సముద్రపు బోనుల్లో పెంచిన రకం. దీని మీద మాత్రం అలాస్కా అని, సాకై రకమని, పెంపకం చేప కాదని రాసి ఉంది. ముక్క కూడా లేత గులాబీ రంగులో కాక ఇటుకపొడి అంత ఎర్రగా ఉంది.

మా అమ్మ ఆ ముక్కను చూసి, అది కూడా పులసలాగా ఏరు ఎక్కి గుడ్లు పెట్టే చేపేనని నేను చెప్పగానే ఒక ప్రశ్న వేసింది: “గుడ్లు పెట్టడానికి ఏట్లోకి వచ్చే చేపను దారిలోనే పట్టేసి ఇన్ని దేశాలకు పంపుతుంటే అక్కడ ఇంకా ఎలా మిగులుతోంది? మన గోదావరిలో ఎందుకు మిగలడం లేదు?” నా దగ్గర జవాబు లేదు. తర్వాత కొంత చదివాను గానీ మూడు సందేహాలు తీరలేదు. అక్కడ వేట ఏ రోజు మొదలుపెట్టాలో, ఏ రోజు ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు? మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉన్నట్టు వాళ్లకూ తేదీలు ముందే ఖరారై ఉంటాయా? పడవ కొనుక్కున్న వారెవరైనా అక్కడికి వెళ్లి వేటాడవచ్చా? చేప రెండు మూడేళ్లు నడిసముద్రంలో తిరుగుతుంది కాబట్టి అక్కడ వేరే దేశాలవాళ్లు పట్టుకుపోకుండా అడ్డేమిటి? అనుభవం ఉన్నవారు ఓపికగా చెబితే మేలు చేసినవారవుతారు.

మొదటి సమాధానం (మియాపూర్ నుంచి)

నేను అమెరికాలో ఉన్న రోజుల్లో రెండు వేసవులు అలాస్కాలోని బ్రిస్టల్ బే ఒడ్డున, నక్‌నెక్ అనే చిన్న ఊళ్లో, చేపల శుద్ధి కర్మాగారంలో పనిచేశాను. అందువల్ల మీ మొదటి ప్రశ్నకు కళ్లారా చూసిన సంగతులతో జవాబు చెప్పగలను.

అక్కడ వేటను నడిపేది క్యాలెండర్ కాదు, లెక్క. ఒక్కొక్క నదిలోకి గుడ్లు పెట్టడానికి ఎన్ని చేపలు చేరితే వంశం నిలుస్తుందో శాస్త్రజ్ఞులు ముందుగా ఒక పరిధిని నిర్ణయిస్తారు. దాన్ని ఎస్కేప్‌మెంట్ లక్ష్యం అంటారు, అంటే వలలను తప్పించుకుని పైకి చేరవలసిన చేపల సంఖ్య అన్నమాట. ఉదాహరణకు క్విచాక్ నదికి అది 20 లక్షల నుంచి 1 కోటి వరకు ఉంటుంది. ఏటి వాటా ముందు, పడవల వాటా తర్వాత. అలాస్కా రాజ్యాంగం ఎనిమిదో అధికరణంలోనే చేపలను తరగనివ్వకుండా వాడుకోవాలన్న సూత్రం ఉంది. మిగిలిన నిబంధనలన్నీ దాని నుంచి పుట్టినవే.

ఆ లెక్క ఎలా పెడతారో ఒక సెలవు రోజున స్నేహితుడి వెంట వెళ్లి చూశాను. మన జొన్నచేలలో పిట్టలను తోలడానికి వేసే మంచె ఉంటుంది చూడండి, సరిగ్గా అలాంటిదే ఏటి ఒడ్డున నిలబెట్టి ఉంది. దాని మీద ఒక మనిషి, చేతిలో నొక్కితే అంకె మారే చిన్న లెక్కయంత్రం. ఏటి అడుగున తెల్లని పలకలు పరిచారు, వాటి మీదుగా వెళ్లే చేప నల్లని నీడలా స్పష్టంగా కనిపిస్తుంది. సాకై నది నడుమ ఉరవడిని తప్పించుకుని ఒడ్డు పక్కనే బారులు తీరి ఎదురీదుతుంది కాబట్టి ఈ పద్ధతి పనికొస్తోంది. రాత్రింబగళ్లు ప్రతి గంటలో 10 నిమిషాలు ఒక ఒడ్డున, మరో 10 నిమిషాలు అవతలి ఒడ్డున లెక్కించి, వచ్చిన అంకెను 6తో హెచ్చించి ఆ గంటకు మొత్తం కడతారు. నీళ్లు బురదగా ఉండే నుషగాక్ నదిలో ఇది కుదరదు, అక్కడ శబ్దతరంగాలతో నీటిలోని చేపను పసిగట్టే సోనార్ యంత్రం వాడతారు.

ఈ అంకెలు ఆ ప్రాంతాన్ని చూసే రాష్ట్ర మత్స్యశాఖ జీవశాస్త్రవేత్తకు రోజూ చేరతాయి. ఆయనే ‘ఎమర్జెన్సీ ఆర్డర్’ జారీ చేస్తారు, దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. ఫలానా డిస్ట్రిక్ట్‌లో (అంటే వేట ప్రాంతంలో) రేపు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు వల వేయవచ్చు అని రేడియోలో ప్రకటిస్తారు. ప్రకటన వేళకు మా కర్మాగారం భోజనశాలలో మాటలన్నీ ఆగిపోయేవి, ఎందుకంటే ఆ రాత్రి మా పని ఎనిమిది గంటలా పదహారు గంటలా అన్నది ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉండేది. చేపల రాక చాలావరకు జూన్ చివరి నుంచి జులై మధ్య వరకు, కొద్ది వారాలలోనే ముగుస్తుంది. అంత తక్కువ కాలంలోనూ నదిలోకి చేరిన లెక్క వెనకబడితే, సముద్రం నిండా చేప కనిపిస్తున్నా సరే, వేట ఆపేస్తారు. లెక్క ముందుంటే ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచుతారు. 2022లో బ్రిస్టల్ బేకు సుమారు 7.9 కోట్ల సాకై వచ్చాయి, వాటిలో 6 కోట్ల వరకు పట్టారు. నదులకు అందవలసినవి అందిన తర్వాత పట్టిన పట్టుబడి అది.

ఇక పరికరాల విషయం. పడవ పొడవు 32 అడుగులు మించకూడదు. 1951 వరకు అక్కడ మరపడవలకే అనుమతి లేదు, తెరచాప పడవలతోనే వేటాడేవారు. ఇంజన్లు వచ్చాక కూడా పొడవు హద్దు నిలిచింది, అందుకే అక్కడి పడవలు ఏళ్లు గడిచేకొద్దీ పొడవు పెరగక వెడల్పు పెరిగాయి. సాధారణంగా ఒక పర్మిట్ మీద పడవ వేయగల వల 150 బారలు, ఒడ్డుకు కట్టి వేసే వల 50 బారలు. ఈ ఇద్దరి మధ్యా పట్టుబడిని ఎలా పంచాలో కూడా నియమం ఉంది: నక్‌నెక్–క్విచాక్ డిస్ట్రిక్ట్‌లో పడవలకు 84 శాతం, ఒడ్డు వలలకు 16 శాతం. ఈ పంపకాలను నిర్ణయించేది గవర్నర్ నియమించే ఏడుగురు సభ్యుల మత్స్యమండలి. వేట తెరవడం, మూయడం మాత్రం మత్స్యశాఖ శాస్త్రజ్ఞుడి చేతిలోనే ఉంటుంది. నాకు అక్కడ అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. పంచాయితీ పెట్టేవాళ్లు వేరు, లెక్క చూసి తాళం తీసేవాళ్లు వేరు.

రెండవ సమాధానం (హిమాయత్‌నగర్ నుంచి)

మీ రెండు, మూడు ప్రశ్నలకు చట్టం చదివినవాడిగా నాకు తెలిసినంత రాస్తాను.

పడవ కొనుక్కున్నంత మాత్రాన వేటకు దిగడం కుదరదు. అలాస్కా 1959లో రాష్ట్రమయ్యేనాటికి ఏటి ముఖాల వద్ద బయటి కంపెనీలు పాతిన పెద్ద పెద్ద చేపబోనుల వల్ల పట్టుబడి అడుగంటింది, కాబట్టి రాష్ట్రావతరణతో పాటే ఆ బోనులను నిషేధించారు. ఆ తర్వాత పడవల సంఖ్య విపరీతంగా పెరిగింది. చేపలవేటలో ఎవరికీ ప్రత్యేక హక్కు ఉండరాదని రాజ్యాంగమే చెబుతుండటంతో పరిమితి పెట్టడానికి దారి లేకపోయింది. 1972లో ఆ రాజ్యాంగాన్ని సవరించి, 1973లో పరిమిత ప్రవేశ చట్టం చేశారు. అంతకుముందు వేటాడిన అనుభవాన్ని, దాని మీదే బతుకు ఆధారపడి ఉండటాన్ని లెక్కలోకి తీసుకుని పర్మిట్లు ఇచ్చారు. బ్రిస్టల్ బేలో పడవ వలల పర్మిట్లు సుమారు 1,860 ఉన్నాయి. కొత్తవాడు రావాలంటే పాతవాడి దగ్గర కొనాలి లేదా వారసత్వంగా పొందాలి. కౌలుకు ఇవ్వడం కుదరదు, పర్మిట్ ఎవరి పేరున ఉంటే వారు వల వేసే వేళ స్వయంగా పడవలో ఉండి తీరాలి. పట్నంలో కూర్చున్న షావుకారు వంద పర్మిట్లు కొని కూలీలతో వేట సాగించకుండా ఆపేది ఈ నియమమే.

అయితే ఇందులోని బాధాకరమైన పార్శ్వాన్ని కూడా చెప్పాలి. అమ్ముకునే వీలుండటం వల్ల, కష్టకాలంలో ఆదివాసీ పల్లెల్లోని కుటుంబాలు తమ పర్మిట్లను అమ్ముకున్నాయి. వాటి ధర లక్ష డాలర్లు దాటిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, ఒకసారి పోగొట్టుకున్న పల్లె యువకుడు మళ్లీ కొనుక్కోలేడు. ఏటి ఒడ్డున తరతరాలుగా ఉన్న ఊరివాడు ఒడ్డునే నిలబడి, బయటి నుంచి వచ్చిన పడవలు వేటాడటాన్ని చూడవలసి వస్తోంది. తిండి కోసం పట్టుకునే వేటకు చట్టంలో మొదటి ప్రాధాన్యం ఉంది గానీ, అది అమ్ముకునే హక్కు కాదు. మన దగ్గర ఎవరైనా ఇలాంటి పర్మిట్లను ప్రతిపాదిస్తే, అమ్మకం సంగతి ముందే ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

నడిసముద్రం విషయానికి వస్తే, తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల వరకు రాష్ట్రానిది, అక్కడి నుంచి 200 మైళ్ల వరకు ఫెడరల్ ప్రభుత్వానిది. ఆ ఫెడరల్ జలాల్లో చాలా భాగంలో సాల్మన్ వలవేటను మూసే ఉంచారు. ఆ వెలుపల మాట 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 66వ అధికరణంలో ఉంది. ఏ దేశపు నదిలో చేప పుట్టిందో ఆ దేశానికే దాని మీద మొదటి హక్కు, మొదటి బాధ్యత ఉంటాయి. 1992లో కెనడా, జపాన్, రష్యా, అమెరికా చేసుకున్న ఒప్పందం ప్రకారం ఉత్తర పసిఫిక్‌లో 33 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన, 200 మైళ్ల హద్దుకు ఆవల, సాల్మన్ కోసం వేట పూర్తిగా నిషిద్ధం. దక్షిణ కొరియా తర్వాత చేరింది. కెనడా నదుల్లో పుట్టిన చేప అలాస్కా తీరం మీదుగా వెళ్లడం వల్ల వచ్చే తగాదాలను తీర్చేందుకు ఆ రెండు దేశాల మధ్య 1985 నాటి పసిఫిక్ సాల్మన్ ఒడంబడిక వేరే ఉంది.

మూడవ సమాధానం (రాజేంద్రనగర్ నుంచి)

మత్స్యశాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మీ అమ్మగారు అడిగిన దానిలో రెండో సగం ఇంకా మిగిలిపోయింది కాబట్టి రాస్తున్నాను.

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. కానీ నిబంధన బాగున్నంత మాత్రాన చేప వచ్చి తీరుతుందని అనుకోవద్దు. యూకాన్ నదిలో కింగ్ సాల్మన్ అనే మరో రకం ఎంతగా తగ్గిపోయిందంటే, 2024లో అలాస్కా, కెనడా కలిసి కెనడా వైపు పుట్టిన ఆ చేపల వేటను ఏడేళ్లపాటు, అంటే ఒక తరం చేప పూర్తిగా తిరిగి వచ్చేదాకా, ఆపివేయడానికి ఒప్పుకున్నాయి. అక్కడి పల్లెలకు శీతాకాలపు ఎండుచేప కూడా లేదు. లెక్క పెట్టడం వల్ల ఆపదను ముందుగా చూడగలిగారు, అంతే.

ఇక పులస. పసిఫిక్ సాల్మన్ జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి చనిపోతుంది, పుట్టిన ఏటికే వాసన పట్టి తిరిగి వస్తుంది. మన ఇలస (ఏరు ఎక్కాక పులస అనేది దీన్నే) అలా కాదు. గోదావరిలో గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోతుంది, మరో ఏడు మళ్లీ వస్తుంది. అంటే ఒక తల్లిచేపను పట్టకుండా వదిలితే దాని ఫలం ఒక్క ఏడుతో పోదు. ఆ మేరకు కాపాడటం మనకే ఎక్కువ లాభం. కానీ మన 61 రోజుల నిషేధం సముద్రంలో మరపడవల వేటకు సంబంధించినది, జూన్ 14తో ముగుస్తుంది. పులస ఎర్రనీళ్లు రాగానే, అంటే జులై నుంచి సెప్టెంబరు వరకు, ఏరు ఎక్కుతుంది. తల్లిచేప యానాం, అంతర్వేది దాటుకుని వచ్చే ఆ వారాల్లోనే వలలు అడ్డంగా ఉంటాయి, ధర కూడా అప్పుడే ఆకాశాన్ని తాకుతుంది. ఇన్ని తప్పించుకుని పైకి వెళ్లినదానికి ధవళేశ్వరం అడ్డు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి పై ఏరు దానికి దాదాపు మూసుకుపోయింది.

బంగ్లాదేశ్‌లో అక్టోబరు పున్నమి రోజుల చుట్టూ 22 రోజులు ఇలస వేటను పూర్తిగా ఆపి, జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. పిల్ల చేప మీద విడిగా నిషేధం ఉంది. మన నదికి అలాస్కా మంచె పనికిరాదు, ఎర్రనీటిలో ఏమీ కనపడదు. నుషగాక్ తరహా సోనార్ ఆలోచించవచ్చు గానీ, అంతకన్నా ముందు చేయగలిగింది ఏటి ముఖాల్లో వారానికి రెండు రోజులు వల ఎత్తి ఉంచడం, ఆ రెండు రోజులకు జాలరికి కూలి కట్టి ఇవ్వడం. నిషేధ కాలపు భృతి ఇప్పుడు 20,000 రూపాయలు ఇస్తున్నారు, కాబట్టి దారి కొత్తది కాదు.

ప్రశ్న వేసినవారి తిరుగు మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి మీ సమాధానాలన్నీ అమ్మకు చదివి వినిపించాను. మంచె దగ్గరి వర్ణన రెండుసార్లు చదివించుకుంది. ధవళేశ్వరం దగ్గర వరద నీటిని గంటగంటకూ కొలుస్తారు కదా, అదే చోట చేపను కూడా రాసుకునేవారెవరైనా ఉన్నారా అని అడగమంది.

రాజేంద్రనగర్ నుంచి

నీటి లెక్కకు మనిషి ఉంటాడమ్మా, నిజమే. చేపకు నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఏటా మొదటి పులస ఒడ్డుకు వచ్చిన తేదీ, ఆనాటి నీటి రంగు, రేవులో తూకం వేసిన బరువు మాత్రం సొంత నోటుపుస్తకాల్లో రాసుకున్నాను. అవి పెట్టెలో ఉన్నాయి. ఈ ఆదివారం తీసి, తేదీల వారీగా ఇక్కడే టైపు చేస్తాను. యానాం, అంతర్వేది, నరసాపురం వైపు వారి దగ్గర ఇలాంటి రాతలు ఉంటే దయచేసి వాటి కిందనే కలపండి.