ఎస్, పి, ఎల్ ఫారాల్లో విరేచనాల లెక్క టాలీ కావడం లేదు, దేన్ని దిద్దాలి?

ప్రశ్న (హెల్త్ సూపర్‌వైజర్): మా పీహెచ్‌సీ కింద 6 సబ్‌సెంటర్లు. పోయిన వారం ఐహెచ్‌ఐపీలో (జబ్బుల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్) విరేచనాల కేసులు ఎస్ ఫారంలో 23, పి ఫారంలో 9, ఎల్ ఫారంలో సున్నా. మూడూ టాలీ చేసి పంపమంటున్నారు. దేన్ని దేనికి సరిపెట్టాలండీ?

జవాబు 1: దేన్నీ దేనికీ సరిపెట్టకండి. ఎస్ అంటే ఏఎన్ఎంకి ఊళ్ళో కనబడ్డ లక్షణం, పి అంటే డాక్టరు చూసి అనుమానించిన జబ్బు, ఎల్ అంటే ల్యాబ్‌లో తేలింది. 23 మందిలో పీహెచ్‌సీ గడప తొక్కింది 9 మందే అయ్యుండొచ్చు, మిగతావాళ్ళు ఓఆర్‌ఎస్‌తోనో ఆర్‌ఎంపీ దగ్గరో సర్దుకుంటారు. మూడూ ప్రతివారం సమానంగా వస్తేనే ఎవరో కూర్చుని కలిపారని అనుమానించాలి. ఎల్ సున్నా సంగతి మాత్రం కదపండి. అసలు శాంపిలే తీయలేదా, తీసినా ఫలితం ఎక్కించలేదా? కేసుల్లేవని నిల్ రిపోర్టు పంపడం వేరు, ఏమీ పంపకపోవడం వేరు.

జవాబు 2: టాలీ కావాల్సింది ఊరి పేరు. ఓపీ కౌంటర్‌లో తొందరకొద్దీ ఆస్పత్రి ఉన్న ఊరినే అడ్రసుగా పెట్టేస్తారు. నాలుగూళ్ళ కేసులు ఒకచోట కుప్పపడి, అసలు ఊరు ఖాళీగా కనిపిస్తుంది. తేదీ కూడా అంతే. వచ్చిన రోజు వేస్తే, శని ఆదివారాల్లో మొదలైనవన్నీ సోమవారం ఒక్కసారిగా పెరిగినట్టు ఉంటాయి. ఓపీ చీటీ మీదే ఊరు, వాడ, విరేచనాలు మొదలైన తేదీ రాయించండి.

జవాబు 3: ముందు ఆ 23 ఏ ఊళ్ళోవో చూడండి. ఒక ఊళ్ళో లేదా వార్డులో విరేచనాలు వచ్చిన ఇళ్ళు 10 దాటినా, అయిదేళ్ళు పైబడిన ఒక్కరికైనా కళ్ళు గుంటలు పడేంత డీహైడ్రేషన్ వచ్చినా వారం లెక్క కోసం ఆగకూడదు. జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కి (జబ్బుల మీద నిఘా పెట్టే జిల్లా విభాగం), పంచాయతీ కార్యదర్శికి ఫోను, ఆ తర్వాతే పోర్టల్. యాంటీబయాటిక్ ఇవ్వకముందే రెక్టల్ స్వాబ్ (మలద్వారం నుంచి దూదిపుల్లతో తీసే శాంపిల్) తీసి, ల్యాబ్‌కి చేరేదాకా క్రిములు చావకుండా ఉంచే క్యారీ-బ్లెయిర్ మీడియంలో పెట్టాలి.

నీళ్ళ దగ్గరే ఎక్కువ పొరపాట్లు. ట్యాంకులో బ్లీచింగ్ వేశాక శాంపిల్ తీస్తారు. సీసాలో క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ లేకపోతే, మిగిలిన క్లోరిన్ దారిలోనే క్రిముల్ని చంపేసి నీళ్ళు బాగున్నాయని రిపోర్టు వస్తుంది. క్లోరోస్కోపు (నీళ్ళలో క్లోరిన్ కొలిచే కిట్) పరీక్ష ట్యాంకు కింద కాదు, చివరి కుళాయి దగ్గర చేయండి. అక్కడ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర బాగుండి చివర లేదంటే, మురిక్కాలవలోంచి వెళ్ళే పైపు దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు: 23లో 14 ఒకే ఊరివి. ఎస్ ఫారంలో ఇళ్ళ లెక్క పడదు కదా?

జవాబు 3: పడదు. ఆశా డైరీలోంచి ఇంటి నంబర్లు తీయించండి. 14 మందీ 5 ఇళ్ళవాళ్ళయితే ఏదో విందు భోజనం కావచ్చు. 12 ఇళ్ళయితే సాయంత్రం లోపే ఫోను చేయండి.